ఆరు నిమిషాల నడక

చలికాలపు పొద్దు. నవాబుపేట మండలంలో ఏ పల్లెకు వెళ్లినా కనిపించే దృశ్యమే ఇది. ఇంటి ముందు అరుగు మీద ఓ పెద్దాయన కూర్చుని ఉంటాడు. మెడ చుట్టూ మఫ్లరు, భుజం మీద గొంగడి. ఒకప్పుడు చీకటితోనే లేచి చేనుకు నీళ్లు పెట్టి, కూరగాయల మూటతో చిట్టిగిద్ద స్టేషన్‌లో రైలెక్కి పట్నం వెళ్లొచ్చిన మనిషి. ఇప్పుడు అరుగు మీంచి దొడ్లోకి వెళ్లాలంటే మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగాలి. చొక్కా గుండీలు పెట్టుకునేసరికి ఆయాసం. స్నానం చేసి వస్తే పావుగంట మాట రాదు. చెంబుడు నీళ్ల కోసం లేవబోతే చాలు, లోపల్నుంచి కోడలి గొంతు వినిపిస్తుంది.

'మామా, నువ్వు కూసో. నేను తెస్త.'

ఆ మాటలో ఉన్నది ప్రేమే. అందులో సందేహం లేదు. కానీ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ఆ ప్రేమే కొంత కీడు చేస్తోందంటే నమ్మగలరా? 'దమ్ము వచ్చేవాడికి విశ్రాంతే మందు' అని తరాలుగా అనుకుంటూ వచ్చాం. వైద్యశాస్త్రం మాత్రం కొన్ని దశాబ్దాలుగా దీనికి సరిగ్గా ఎదురు మాట చెబుతోంది. ఆయాసం వచ్చేవాళ్లను కూర్చోబెట్టడం కాదు, లేపి నడిపించాలంటోంది. లెక్క ప్రకారం, జాగ్రత్తగా, రోజురోజుకీ కాస్త ఎక్కువగా. ఆ పద్ధతి పేరే పల్మనరీ రిహాబిలిటేషన్.

తెలుగులో దీన్ని పునరావాసం అంటే మనకు వేరే అర్థం తడుతుంది. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్లకు ఇచ్చే ఇళ్లూ స్థలాలూ గుర్తొస్తాయి. ఓ రకంగా చూస్తే ఇదీ అలాంటిదే. జబ్బు కింద మునిగిపోయిన పాత జీవితంలో ఎంతో కొంత మళ్లీ నిలబెట్టుకోవడం.

జబ్బు ఊపిరితిత్తిలో... బలహీనత తొడల్లో

ఊపిరితిత్తుల్ని ఏళ్ల తరబడి పీడించే జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సీఓపీడీ. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి, గాలి బయటికి సరిగా పోని స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 35 లక్షల మంది ఈ జబ్బుతో చనిపోయారు. మన దేశంలో 1990లో 2.81 కోట్ల మందికి ఈ జబ్బు ఉండగా 2016 నాటికి ఆ సంఖ్య 5.53 కోట్లకు చేరిందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2018లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది.

బీడీ, చుట్ట, సిగరెట్ దీనికి పెద్ద కారణాలు. అయితే జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టని ఆడవాళ్లకూ ఇది వస్తుంది. ముప్ఫై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని పొగ పీల్చిన ఫలితమది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చింది. గ్యాస్ పొయ్యిలు ఇంట్లోకి వచ్చాయి. కానీ అంతకుముందు లోపలికి పోయిన పొగ చేసిన నష్టం అలాగే ఉండిపోయింది. తాండూరు వైపు వెళితే నాపరాయి కోసే చోట, పాలిష్ పట్టే చోట దుమ్ము. ఇక క్షయ వచ్చి తగ్గినవాళ్లది మరో కథ. మందులు వాడి క్రిమి పోయినా, ఊపిరితిత్తిలో మచ్చలు మిగిలి, ఏళ్ల తర్వాత కూడా ఆయాసం వదలని వాళ్లు ఎందరో.

కారణం ఏదైనా, ఆ తర్వాత జరిగేది ఒకటే. నడిస్తే ఆయాసం వస్తుంది. ఆయాసానికి భయపడి నడక తగ్గిస్తారు. నడక తగ్గితే తొడ కండరాలు కరుగుతాయి. వాడని నాగలి తుప్పుపట్టినట్టు వాడని కండ పనికి రాకుండా పోతుంది. బలహీనమైన కండరం కొద్దిపాటి పనికే అలసిపోయి లాక్టిక్ ఆమ్లాన్ని ఎక్కువగా పుట్టిస్తుంది. దాన్ని సరిచేయడానికి శరీరం ఇంకా గట్టిగా ఊపిరి తీయమంటుంది. అసలే గాలి బయటికి పోని ఊపిరితిత్తుల మీద అదనపు బరువు పడుతుంది. అంటే మరింత ఆయాసం. మరింత భయం. మరింత కూర్చోవడం. నిన్న ఊరి చివరి దాకా వెళ్లిన మనిషి నేడు వీధి చివరి దాకా, రేపు గుమ్మం దాకా. చివరికి మంచమే ప్రపంచం.

ఈ గుండ్రంలో ఊపిరితిత్తుల్ని బాగుచేసే మందు ఇప్పటికైతే లేదు. పాడైన భాగం తిరిగి రాదు. ఇన్‌హేలర్లు గొట్టాల్ని కాస్త తెరిచి ఉంచుతాయి, అంతే. కానీ కాళ్లు అలా కాదు. డెబ్బై ఏళ్ల వయసులోనూ కండరానికి పని చెబితే బలం పుంజుకుంటుంది. రిహాబిలిటేషన్ పట్టుకున్న కీలకం ఇదే. పాడైనదాన్ని పట్టుకుని ఏడవకుండా, బాగుపడే అవకాశం ఉన్నదాన్ని బాగుచేయడం.

అనంతగిరి చెట్ల నీడలో

ఊపిరితిత్తుల జబ్బుకూ ఈ ప్రాంతానికీ పాత బంధం ఉంది. మూసీ పుట్టిన అనంతగిరి కొండల మీద, వికారాబాద్‌కు కూతవేటు దూరంలో, నిజాం కాలం నాటి క్షయ శానిటోరియం ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... వైద్యులు ఇవ్వగలిగినవి ఇవే. అందుకే కొండలు, చెట్లు ఉన్నచోట శానిటోరియంలు కట్టారు. మదనపల్లె దగ్గర 1915లో మొదలైన ఆరోగ్యవరం శానిటోరియం అలాంటిదే. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో ఒక వైద్యుడికి వేరే ఆలోచన వచ్చింది. పేరు మార్కస్ పాటర్సన్. ఫ్రిమ్లీ అనే చోట శానిటోరియానికి 1905లో పెద్దగా వచ్చారు. రోగులు నెలల తరబడి పడుకుని లావెక్కి, ఇంటికి వెళ్లాక ఏ పనీ చేయలేకపోవడం ఆయనకు నచ్చలేదు. అందుకని జ్వరం తగ్గినవాళ్లను ముందు కొద్ది దూరం నడిపించారు. తర్వాత దూరం పెంచారు. ఆ తర్వాత చిన్న బుట్టలతో మట్టి మోయించారు. ఆపైన పార చేతికిచ్చారు. పనిని మందులా మోతాదు ప్రకారం ఇవ్వడం అన్నమాట. నాటి వైద్యుల్లో చాలామందికి ఇది వింతగా అనిపించింది.

ఆ తర్వాత క్షయకు మందులు వచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్‌తో దారి తెరుచుకుంది. శానిటోరియంల అవసరమే తగ్గిపోయింది. కానీ పాటర్సన్ ఆలోచన చావలేదు. అమెరికాలో ఆల్వన్ బారక్ 1952లోనే, దీర్ఘకాలిక ఆయాసం ఉన్నవాళ్లకు వ్యాయామం మేలు చేస్తుందని రాశారు. 1960ల్లో డెన్వర్ నగరంలో థామస్ పెటీ అనే వైద్యుడు ఔట్‌పేషెంట్లకు క్రమపద్ధతిలో ఈ శిక్షణ ఇచ్చారు. నేటి రిహాబిలిటేషన్‌కు పునాదులు అవే.

కారిడార్‌లో పరీక్ష

మనిషి ఎంత నీరసించాడో, ఎంత కోలుకున్నాడో కొలవడం ఎలా? ఊదుడు పరీక్ష అంటే స్పైరోమెట్రీ ఊపిరితిత్తి సంగతి చెబుతుంది. మనిషి సంగతి చెప్పదు. ఊదుడు పరీక్షలో ఒకే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకరు సంతకు వెళ్లొస్తుంటే, మరొకరు మంచం దిగకపోవచ్చు. అందుకే వైద్యులు ఓ తేలికైన పరీక్ష పెట్టుకున్నారు. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 30 మీటర్ల పొడవున్న చదునైన వరండా, రెండు గుర్తులు, ఒక గడియారం, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉంటే చాలు.

'ఆరు నిమిషాల్లో మీరు ఎంత దూరం నడవగలిగితే అంత నడవండి. పరుగెత్తొద్దు. ఆయాసమొస్తే ఆగండి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి' అంటారు. ఆరు నిమిషాలు అయ్యాక దూరం కొలుస్తారు. అంతే. 1968లో అమెరికా సైనిక వైద్యుడు కెన్నెత్ కూపర్ యువ సైనికుల దారుఢ్యం చూడటానికి పన్నెండు నిమిషాల పరుగు పరీక్ష పెట్టారు. అదే తర్వాత రోగుల కోసం పన్నెండు నిమిషాల నడకగా, 1980లలో ఆరు నిమిషాల నడకగా మారింది.

ఇంకా తేలికైనది మరోటి ఉంది. చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతుల ఊతం లేకుండా ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. దీనికి వరండా కూడా అక్కర్లేదు. మూడు సార్లు ఎక్కువగా లేవగలిగితే చాలు, మనిషి బాగుపడుతున్నట్టే లెక్క.

ఆయాసానికీ ఒక కొలమానం ఉంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన స్కేలు. సున్నా అంటే ఆయాసమే లేదు. పది అంటే ఇక భరించలేం. రోగి తన ఆయాసానికి తానే అంకె చెబుతాడు. వ్యాయామం చేయించేటప్పుడు ఆ అంకె నాలుగు, ఆరు మధ్య ఉండేలా చూస్తారు. అంటే ఆయాసం రావాలి. కానీ మాట పడిపోయేంత కాదు. ఆయాసం శత్రువు కాదని రోగికి తెలిసొచ్చేది ఇక్కడే. ఇంతకాలం ఏ ఆయాసం చూసి ప్రాణం పోతుందని భయపడ్డాడో, అది వస్తుంది, ఆగితే పోతుంది, మళ్లీ నడవొచ్చు అని శరీరమే నేర్చుకుంటుంది. సగం గెలుపు అక్కడే ఉంది.

ఎనిమిది వారాల్లో ఏమవుతుంది?

సాధారణంగా ఈ శిక్షణ ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. వారానికి కనీసం రెండు మూడు రోజులు. నడక లేదా సైకిలు. కాళ్లకూ చేతులకూ చిన్న బరువులతో కసరత్తు. వాటితో పాటు ఇన్‌హేలర్ సరిగా పీల్చడం, పొగ మానడం, తిండి, జబ్బు ముదురుతున్న గుర్తులు కనిపెట్టడం... అన్నీ నేర్పిస్తారు. చేతుల కసరత్తు ఎందుకు అనిపించొచ్చు. తల దువ్వుకోవడం, అటక మీది డబ్బా దించడం, బట్టలు ఆరేయడం... ఆయాసం మనిషిని ఎక్కువగా అవమానించేది ఈ చిన్న పనుల దగ్గరే.

ఫలితం? వైద్య పరిశోధనల్ని కాచి వడపోసే కాక్రేన్ సంస్థ 2015లో ఈ విషయం తేల్చింది. మొత్తం 65 అధ్యయనాలు, 3,822 మంది సీఓపీడీ రోగులు. రిహాబిలిటేషన్ తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లతో పోలిస్తే ఆరు నిమిషాల్లో సగటున 44 మీటర్లు ఎక్కువ నడిచారు. ఆయాసం, అలసట తగ్గాయి. జబ్బు మన చేతుల్లో ఉందన్న ధీమా పెరిగింది. ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయంటే, రిహాబిలిటేషన్‌నూ మామూలు వైద్యాన్నీ పోల్చే అధ్యయనాలు సీఓపీడీలో ఇక అక్కర్లేదని కాక్రేన్ సంపాదకులు చెప్పేశారు.

'44 మీటర్లేనా?' అనిపించడం సహజం. ఆయాసపడే మనిషి వేసే చిన్న అడుగులతో లెక్కిస్తే అవి డెబ్బై అడుగులకు పైమాటే. 30 మీటర్లు పెరిగినా రోగికి తేడా తెలుస్తుందని నిపుణుల అంచనా. ఆరోగ్యవంతుడికి డెబ్బై అడుగులు ఓ లెక్క కాదు. కానీ దొడ్లోకి ఒకరి సాయం లేకుండా వెళ్లిరావడానికీ, వెళ్లలేకపోవడానికీ మధ్య ఉన్న దూరం కొన్నిసార్లు అంతే. బస్టాండు దాకా నడిచి బస్సు అందుకోవడానికీ, బస్సు వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడటానికీ ఉన్న తేడా కూడా అంతే.

ఇందులో గమ్మత్తు ఏమిటంటే, ఎనిమిది వారాల తర్వాత ఊదుడు పరీక్ష చేస్తే అంకె దాదాపు మారదు. ఊపిరితిత్తి అదే. మనిషి మాత్రం వేరు.

ప్రాణానికీ మేలేనా? అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ రికార్డులు తిరగేసి 2020లో ఓ అధ్యయనం వెలువరించారు. సీఓపీడీ ముదిరి ఆసుపత్రిలో చేరిన 1,97,376 మంది వివరాలవి. ఇంటికి వచ్చిన 90 రోజుల్లోపు రిహాబిలిటేషన్ మొదలుపెట్టినవాళ్లలో ఏడాదిలోపు చనిపోయినవాళ్లు 7.3 శాతం. మొదలుపెట్టనివాళ్లలో 19.6 శాతం. కాస్త బాగున్నవాళ్లే శిక్షణలో చేరి ఉండొచ్చు కనుక తేడా మొత్తం దాని గొప్పేనని అనలేం. వయసూ ఇతర జబ్బులూ లెక్కలోకి తీసుకున్నాక కూడా మేలు కనిపించిందని పరిశోధకులు చెప్పారు. అసలు విచారించాల్సిన అంకె ఇంకోటి ఉంది. అంత సంపన్న దేశంలోనూ 90 రోజుల్లోపు శిక్షణ మొదలుపెట్టినవాళ్లు 1.5 శాతమే.

పట్నం దాకా ఎవరు వెళ్లొస్తారు?

అమెరికాలోనే అలా ఉంటే, నవాబుపేట పెద్దాయన సంగతేమిటి? ఇలాంటి శిక్షణ దొరికేది ఎక్కువగా హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్దాసుపత్రుల్లో. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు... అంటే ఇరవై నాలుగు సార్లు రానూపోనూ. ఆటో, బస్సు లేదా రైలు, మళ్లీ ఆటో. వెంట కొడుకో కూతురో రావాలి, వాళ్ల కూలి పోవాలి. మెట్లెక్కలేని మనిషిని మెట్లు తగ్గించే వైద్యం కోసం ఇన్ని మెట్లు ఎక్కించాలి.

దీనికి దారి చూపించే కథ ఒకటి మన పక్కనే, చెన్నైలో జరిగింది. 1956లో అప్పటి మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. ఆనాటి ప్రశ్న సూటిగా ఉండేది. దేశంలో క్షయ రోగులు లక్షల్లో, శానిటోరియం మంచాలు వేలల్లో. మరి మంచం దొరకనివాడు చావాల్సిందేనా? 193 మంది రోగుల్ని తీసుకున్నారు. కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లవి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతటా క్షయ చికిత్స శానిటోరియం గేటు దాటి ఇంటికి వచ్చింది.

అదే ప్రశ్నను రిహాబిలిటేషన్ విషయంలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో అన్ హాలండ్ బృందం వేసుకుంది. 166 మంది సీఓపీడీ రోగులు. సగం మందిని ఆసుపత్రికి వచ్చి శిక్షణ తీసుకోమన్నారు. మిగతా సగం మంది ఇళ్లకు ఫిజియోథెరపిస్టు ఒక్కసారి వెళ్లి ఏం చేయాలో చూపించి వచ్చారు. ఆ తర్వాత వారానికోసారి ఫోన్, అలా ఏడుసార్లు. అంతే. ప్రత్యేక యంత్రాలేవీ ఇవ్వలేదు. నడక, ఇంట్లో దొరికే వస్తువులతో కసరత్తు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎనిమిది వారాల చివర ఇంటి దగ్గర చేసినవాళ్లు ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు తీసిపోలేదు.

ఒక్కసారి ఇంటికి రావడం, ఏడు ఫోన్లు. పల్లెల్లో ఆశా కార్యకర్తలున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ప్రతి చేతిలో ఫోను ఉంది. కొత్త భవనం కట్టాల్సిన పని కాదిది. మందుల చీటీ మీద 'నడక' అని కూడా రాసి, ఎలా నడవాలో చూపించి, వారం తర్వాత 'నడిచావా పెద్దాయనా?' అని అడిగే మనిషి ఉంటే సగం పని అయినట్టే.

ఇంటి దగ్గర ఎలా?

ముందు డాక్టర్ని కలవాలి. ఇది తప్పించుకోకూడని మెట్టు. ఆయాసం ఊపిరితిత్తులదా, గుండెదా, రక్తహీనతదా తేలాలి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, జ్వరం లేదా కఫంలో రక్తం ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. క్షయ అనుమానం ఉంటే ముందు కఫం పరీక్ష. ఇంట్లో ఆక్సీమీటరు ఉంటే మంచిది. నడిచేటప్పుడు ఆక్సిజన్ 88 శాతం కన్నా కిందికి పడితే ఆగిపోయి, డాక్టరుతో మాట్లాడాలి. ఇన్‌హేలర్ రాసినవాళ్లు అది పీల్చాక నడిస్తే తేలిక.

డాక్టరు సరేనన్నాక... చదునైన దారి ఎంచుకోండి. ఊరి బడి ఆవరణ, గుడి ప్రాంగణం, ఎండ ముదరకముందు ఇంటి ముందు వీధి. చలికాలంలో మంచు, పొగ విడిచేదాకా ఆగండి. మొదటి రోజు రెండు నిమిషాలు నడిచి, ఓ నిమిషం ఆగి, మళ్లీ రెండు నిమిషాలు. అలా మొత్తం పది నిమిషాలు నడవగలిగితే చాలు. వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ అరగంటకు చేరాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

వారంలో రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. కాస్త ఆగి మరోసారి. అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల ఎత్తుకు లేపడం. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. ఇంతకు మించిన సరంజామా అక్కర్లేదు.

ఆయాసం వచ్చినప్పుడు చేయాల్సినవి రెండు. ముక్కుతో గాలి తీసుకుని, దీపం ఆర్పకుండా మంటను మాత్రం కదిలించేంత మెల్లగా, పెదాలు సున్నాలా చుట్టి వదలాలి. తీసుకున్న సమయానికి రెట్టింపు సమయం వదలడానికి పట్టాలి. రెండోది, ముందుకు వంగి చేతులు మోకాళ్ల మీదో, గోడ మీదో, బల్ల మీదో ఆనించడం. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోతుంది, ఊపిరి తీసే కండరాలకు ఊతం దొరుకుతుంది. మెట్లెక్కేటప్పుడు, బరువు లేపేటప్పుడు గాలి వదులుతూ చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు.

తిండి సంగతి. కండరం పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. ఇందుకోసం డబ్బాల పొడులు కొనక్కర్లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కంది ఇంటి ముందే ఉంది. జొన్నరొట్టెతో గట్టి పప్పు, ఓ గుడ్డు, గ్లాసు మజ్జిగ, గుప్పెడు పల్లీలు. కడుపు నిండుగా ఒకేసారి తింటే ఊపిరి తీసే కండరానికి చోటు చాలక ఆయాసం పెరుగుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. షుగరు, కిడ్నీ జబ్బులుంటే డాక్టరు మాట ప్రకారం.

ఇక బీడీ. అది చేతిలో ఉన్నంతకాలం పైన చెప్పినవన్నీ ఓటి కుండలో పోసిన నీళ్లే.

తర్వాతే అసలు పరీక్ష

మెల్‌బోర్న్ అధ్యయనంలో చెప్పకుండా దాటకూడని సంగతి ఇంకోటి ఉంది. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే, ఇంటి దగ్గర చేసినవాళ్లూ ఆసుపత్రిలో చేసినవాళ్లూ ఇద్దరూ సంపాదించుకున్న బలం నిలుపుకోలేకపోయారు. శిక్షణ అయిపోయింది, ఫోన్లు ఆగిపోయాయి, నడకా ఆగింది. కండరం కృతజ్ఞత ఎరగదు. నిన్న ఇచ్చిన పనిని గుర్తుపెట్టుకోదు. నేడు ఏమిచ్చావని అడుగుతుంది.

పరిశోధకులు తరచుగా చూసే మరో విచిత్రం, నడవగల శక్తి వచ్చినా రోజువారీ నడక అంతగా పెరగకపోవడం. ఆసుపత్రి వరండాలో నాలుగు వందల మీటర్లు నడిచిన మనిషి ఇంటికి రాగానే మళ్లీ అరుగు మీద కూర్చుంటాడు. చేయగలగడం వేరు, చేయడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పూడ్చేది మందు కాదు, యంత్రం కాదు. ఇల్లు. ఇంట్లోవాళ్లు ఆయన్ను ఎలా చూస్తున్నారన్నదే.

ఏ పనీ చెప్పకపోవడం గౌరవమని మనం అనుకుంటాం. కానీ ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిన మనిషికి, చెంబుడు నీళ్లు కూడా తెచ్చుకోలేని స్థితి ఎలా ఉంటుంది? ఆయాసం కన్నా అదే ఎక్కువ కుంగదీస్తుంది. ఆయన చేయగలిగిన పని ఆయనకు వదలడం, నెమ్మదిగా చేస్తే ఓపిక పట్టడం, మధ్యలో ఆగితే కంగారుపడి చేయి పట్టుకుని లాక్కురాకపోవడం... ఇవి పెద్ద సేవలు. బడి నుంచి వచ్చిన మనవరాలు 'తాతా, నిన్న ఆ వేపచెట్టు దాకా పోయినవ్, ఇయ్యాల కరెంటు స్తంభం దాకా పోదాం పా' అని వేలు పట్టుకుంటే, అంతకు మించిన ఫిజియోథెరపిస్టు ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది?

ఊపిరితిత్తిలో పోయింది పోయింది. అది తిరిగి రాదు. చలి ముదిరినప్పుడు, కఫం పట్టినప్పుడు వెనకడుగులూ పడతాయి. మళ్లీ మొదటి నుంచి రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి. అయినా అరుగుకూ వేపచెట్టుకూ మధ్య ఉన్న ఆ డెబ్బై అడుగులు ఆయనవే. వాటిని దక్కించుకునే హక్కు ఆయనకుంది. దానికి ఇంట్లోవాళ్లు మార్చుకోవాల్సింది ఒకే ఒక్క మాట. 'మామా, నువ్వు కూసో' బదులు...

'మామా, మెల్లగ పోయి జర నీళ్లు తెస్తవా?'